తీవ్రమైన న్యుమోనియా తర్వాత చిగుళ్ల రక్తం, కదిలే పళ్లు: వైరస్ పళ్లలోకి దిగిందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ పనికొస్తుందని ముందు దాన్ని క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. ఫ్లూ జ్వరం ముదిరి న్యుమోనియా అయ్యి 16 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో ఆరు రోజులు వెంటిలేటర్ మీద. స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇంటికొచ్చి ఐదు వారాలైంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు గానీ, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం, నోరు వాసన, నాలుక మీద తెల్లటి పూత, కింద ముందు పళ్లు రెండు కదలడం. పైన పెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టు నిలవడం లేదు. వైరస్ పళ్లలోకి దిగిందా, యాంటీబయాటిక్ కోర్సు వాడాలా, ఆ రెండు పళ్లు పీకించెయ్యాలా అని అడిగారు.

నేను చిగుళ్ల వైద్యంలో పీజీ చేసిన డెంటల్ డాక్టర్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కరోనా రెండో వేవ్ అప్పుడూ, ఆ తర్వాతా ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్ల నోళ్లు చాలా చూశాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

వైరస్ పళ్లలోకి దిగలేదు. కరోనా వైరస్ లాలాజల గ్రంథుల కణాల్లోకీ, చిగుళ్ల పై పొరలోకీ వెళ్లగలదని 2021లో పరిశోధకులు చూపించిన మాట నిజమే. అయినా పంటి గట్టి భాగంలో కాపురం పెట్టి పన్నుని వదులు చేసే ఫ్లూ వైరస్ గానీ, కరోనా వైరస్ గానీ లేదు. మీ నాన్నగారి పళ్లని ఇలా చేసింది మంచాన పడి ఉన్న ఆ రోజులు. నోరు ఎండిపోయింది, తోమేవాళ్లు లేరు, షుగర్ పెరిగింది, వరసగా మందులు పడ్డాయి. నోట్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాలో సాధువైనవి తగ్గి, చిగుళ్లని తినేవి బలపడ్డాయి. ఇందులో చాలా భాగం వెనక్కి తిప్పగలిగిందే. ఆ రెండు పళ్లు పీకించడానికి ఇప్పుడే ఎవరికీ ఒప్పుకోకండి.

ఎండిన నోటి సంగతి ముందు చెప్తాను, అసలు కథ అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది ఊరికే తడి కాదు. తిన్న తర్వాత పుట్టే ఆమ్లాన్ని విరగ్గొడుతుంది, పంటి పైపొర నుంచి కరిగిన ఖనిజాన్ని మళ్లీ తెచ్చి అతుకుతుంది, సూక్ష్మజీవుల్ని కడిగి పొట్టలోకి తోసేస్తుంది. నోట్లో 700కి పైగా రకాల బ్యాక్టీరియా ఉన్నా మనం హాయిగా బతుకుతున్నామంటే దాని చలవే. ఇప్పుడు మనిషి నోరు తెరుచుకుని రోజుల తరబడి ఊపిరి పీలుస్తున్నాడనుకోండి. మొహం మీద ఆక్సిజన్ మాస్కు. ఒళ్లు కాలే జ్వరం. నీళ్లు నోటితో తాగడం లేదు, నరంలోంచి ఎక్కిస్తున్నారు. నిద్రకీ, దగ్గుకీ, అలర్జీకీ ఇచ్చే మందుల్లో చాలావాటికి నోరు ఎండగొట్టే గుణం ఉంది. నాలుక పిడచకట్టుకుపోతుందంటారే, సరిగ్గా అదే, కాకపోతే గంటలు కాదు, రోజులు.

ఒకసారి ఐసీయూలో ఒక పెద్దాయన్ని చూడమని పిలిచారు. నోరు తెరిచి టార్చి వేస్తే అంగిలి నిండా తేనె రంగు పొర, గిన్నెలో గంజి ఎండి అట్టకట్టినట్టు. గాజుగుడ్డ తడిపి అంచున పెట్టి రెండు నిమిషాలు నాననిచ్చి మెల్లగా లాగితే రూపాయి బిళ్లంత ముక్క ఊడొచ్చింది. కింద అంగిలి పచ్చిపుండులా ఎర్రగా ఉంది. చచ్చిన చర్మ కణాలు, ఎండిన కఫం, బ్యాక్టీరియా కలిసి కట్టిన పొర అది. పక్కనున్న నర్సమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. ఆవిడ తప్పు ఏమీ లేదు. ఆ రాత్రి నలుగురు రోగుల ఊపిరి ఒక్క మనిషి చేతిలో ఉంది. అలాంటప్పుడు పళ్లు తోమడం పనుల జాబితాలో అట్టడుగుకి పోతుంది. మీ నాన్నగారికీ దాదాపు అదే జరిగి ఉంటుంది. దానికి ఆసుపత్రి మీద కోపం తెచ్చుకోకండి, ప్రాణం కాపాడారు.

తోమని పళ్ల మీద పాచి రెండు మూడు రోజుల్లోనే మందం కడుతుంది. లోపలి పొరకి గాలి అందదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అక్కడ పెరుగుతాయి. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబ్యాక్టీరియం లాంటివి ఆ జాతే. వాసన వచ్చేది వీటివల్లే, ఇవి మాంసకృత్తుల్ని కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతాయి. నాలుక వెనక భాగం వీటికి ఇష్టమైన చోటు. ఐసీయూలో ఇంకో మార్పు కూడా జరుగుతుంది. మామూలుగా నోట్లో ఉండని ఆసుపత్రి బ్యాక్టీరియా వచ్చి ఆ పాచిలో చేరి కూర్చుంటాయి.

ఇక్కడొక విషయం మీకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది పళ్లతో ఆగేది కాదు. తినేటప్పుడు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తడతాం కదా. పొలమారడమంటే ఆహారం గానీ, ఉమ్మి గానీ అన్నవాహికలోకి వెళ్లకుండా గాలిగొట్టం వైపు జారడం. దగ్గు దాన్ని బయటికి తోస్తుంది. కానీ నిద్రలో దాదాపు సగం మంది ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దికొద్దిగా ఉమ్మి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారుతుందని పరిశీలనల్లో తేలింది. గట్టిగా ఉన్న ఊపిరితిత్తులు దాన్ని శుభ్రం చేసుకుంటాయి. వెంటిలేటర్ కోసం గొట్టం వేసి తీసిన గొంతుకి కొన్ని వారాలపాటు మింగే పట్టు తక్కువగా ఉంటుంది. వైరస్ దెబ్బ తిన్న ఊపిరితిత్తులకి తోసేసే శక్తి తక్కువగా ఉంటుంది. ఆ జారే చుక్కలో ఏముందన్నది అప్పుడు చాలా ముఖ్యం.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో పోయినవాళ్ల ఊపిరితిత్తుల నమూనాలని మళ్లీ పరీక్షించి, పాత శవపరీక్షల రికార్డులు చదివి అమెరికా శాస్త్రవేత్తలు 2008లో చెప్పిన మాట ఇదే. ఎక్కువమందిని చివరికి చంపింది వైరస్ వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచో రాలేదు, మనుషుల ముక్కు, గొంతుల్లో మామూలుగా ఉండేవే. వైరస్ గాలిగొట్టాల లోపలి పొరని గీరి పుండు చేస్తే అవి కిందికి దిగాయి.

జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. సగం మందికి ప్రతి భోజనం తర్వాత సిబ్బంది పళ్లు తోమారు, వారానికోసారి దంత వైద్యులు చూశారు. మిగతా సగం మందికి ఎప్పటిలాగే వదిలేశారు. న్యుమోనియా వచ్చినవాళ్లు తోమిన వైపు 11 శాతం, తోమని వైపు 19 శాతం. మందు లేదు, సూది లేదు, ఒక బ్రష్. 2023 చివర్లో ఇంకో పెద్ద విశ్లేషణ వచ్చింది. ఆసుపత్రి రోగుల మీద జరిగిన 15 ప్రయోగాలని కలిపి చూస్తే, రోజూ పళ్లు తోమినవాళ్లలో ఆసుపత్రి న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి మేలు ఇంకా బాగా కనిపించింది. ఈ రెండూ చదివాక ఐసీయూకి వెళ్లిన ప్రతిసారీ నా సంచిలో మెత్తని బ్రష్‌లు పెట్టుకుని వెళ్తున్నాను.

చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకి కరోనా ఎక్కువ ప్రమాదమైందని మీరు ఎక్కడో చదివానన్నారు. అది ఖతర్‌లో 568 మంది రోగుల రికార్డుల మీద 2021లో వచ్చిన అధ్యయనం. చిగుళ్ల ఎముక కరిగిన జబ్బు ఉన్నవాళ్లకి ఐసీయూలో చేరే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువని అందులో తేలింది. వయసు, షుగర్, పొగ అలవాటు లాంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఆ మాట చెప్పారు. అయినా రెండూ ఒకే మనిషిలో కనిపించాయంటే ఒకటి రెండోదానికి కారణమని అర్థం కాదు. మీ నాన్నగారి విషయంలో దీన్ని తలుచుకుని "ముందే పళ్లు బాగు చేయించి ఉంటే" అని మీరు కుమిలిపోవాల్సిన పని లేదు.

షుగర్ గురించి మాత్రం ఆలోచించాలి. స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది, జ్వరం పెంచుతుంది, పెరిగిన షుగర్ చిగుళ్ల ఇన్‌ఫెక్షన్‌ని పెంచుతుంది, ఆ ఇన్‌ఫెక్షన్ తిరిగి షుగర్‌ని అదుపులోకి రానివ్వదు. ఇది రెండు వైపులా తిరిగే చక్రం. చిగుళ్ల వైద్యం సరిగ్గా చేయిస్తే మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని చాలా ప్రయోగాలని కలిపి చూసిన లెక్క. ఒక అదనపు షుగర్ మాత్రకి దగ్గరగా వచ్చే ఫలితం అది. ఈ వారంలోనే ఆయన హెచ్‌బీఏ1సీ చేయించండి, డెంటల్ క్లినిక్‌కి వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.

ఇంకా ముందుకి వెళ్లకముందు, ఈ రాత్రే ఆయన్ని కూర్చోబెట్టి టార్చి వేసి చూడాల్సినవి చెప్తాను. పై దవడలో ఒకే వైపు రెండు మూడు పళ్లు ఒక్కసారిగా కదలడం, పై చిగుళ్ల మీద చిన్న చిన్న చీము గుల్లలు, అంగిలి మీద నల్లటి మచ్చ, చెంప ఒకవైపు తిమ్మిరిగా ఉండటం, ఒక ముక్కు మూసుకుపోయి నల్లటి నీరు రావడం, కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం. వీటిలో ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకండి, ఈఎన్‌టీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు ఎంత రద్దీ ఉండేదో ఆ రోజులు చూసినవాళ్లకి తెలుసు. షుగర్, స్టెరాయిడ్, వైరస్ జబ్బు, ఈ మూడూ కలిసినచోటే అది ఎక్కువగా పట్టింది. ఆ రోజుల్లో నా దగ్గరికి ఒక రైతు వచ్చాడు, కరోనా తగ్గి మూడు వారాలైంది. "పై పన్ను కదులుతోంది సార్, పీకెయ్యండి" అన్నాడు. చూస్తే ఒకటి కాదు, వరసగా నాలుగు పళ్లు పియానో మెట్లలా ఆడుతున్నాయి. కుడి చెంప మీద దూదితో రాస్తే తెలియడం లేదన్నాడు. పన్ను ముట్టుకోలేదు, అప్పటికప్పుడు స్కానింగ్‌కి పంపాను. పై దవడలో కొంత భాగం పోయింది గానీ, కన్ను, ప్రాణం రెండూ దక్కాయి. ఆ రోజు పన్ను పీకి మాత్రలిచ్చి పంపి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మీరు రాసినదాన్నిబట్టి మీ నాన్నగారివి కింద ముందు పళ్లు, రెండు వైపులా కాస్త కదలిక, నొప్పి లేదు, వాపు లేదు. అది ఆ ఫంగస్ తీరు కాదు. కింద ముందు పళ్ల లోపలి వైపు లాలాజల గ్రంథి నాళాలు తెరుచుకుంటాయి, అందుకే గార, అంటే రాయిలా గట్టిపడిన పాచి, మొదట పట్టేది అక్కడే. చాలా ఏళ్లుగా ఉన్న గార, దాని వెనక మెల్లగా కరిగిన ఎముక, ఇప్పుడు వచ్చిన వాపు, ఇవన్నీ కలిసి ఆ కదలిక తెచ్చాయని నా అంచనా. చూడకుండా ఖాయంగా చెప్పలేను, ఎక్స్‌రే కావాలి.

యాంటీబయాటిక్ సంగతి. పాచి అన్న మాట మనకి రెండు చోట్ల ఉంది చూడండి, పళ్ల మీదా, బావి గట్టు రాళ్ల మీదా. రెండూ ఒకే పద్ధతి. రాతి మీద పాచి మీద ఎన్ని బిందెల నీళ్లు పోసినా పైపైన జారిపోతాయి. కొబ్బరి పీచు పెట్టి రుద్దితేనే పోతుంది. పళ్ల మీది పాచిలో బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు కట్టుకుని ఉంటాయి, మాత్ర మింగితే రక్తంలోంచి వచ్చే మందు ఆ జిగురు లోపలికి సరిగ్గా చేరదు. ముందు గోకి తీయాలి. తీశాక కొందరికి, ముఖ్యంగా లోతైన చీము గుంటలు ఉన్నవాళ్లకి, డాక్టర్ మందు రాయొచ్చు. మీ నాన్నగారు ఇప్పటికే ఆసుపత్రిలో బలమైన యాంటీబయాటిక్స్ వాడారు. నాలుక మీద తెల్లటి పూత బహుశా దాని ఫలమే. బ్యాక్టీరియా చచ్చిన చోట కాండిడా అనే ఫంగస్ పెరిగింది, స్టెరాయిడ్, షుగర్ దానికి ఎరువు. ఇప్పుడు మెడికల్ షాపులో ఇంకో కోర్సు కొనిస్తే ఆ పూత ఇంకా పెరగొచ్చు.

ఆ పూతని తడి గుడ్డతో తుడిచి చూడండి. పెరుగు తరకల్లా ఊడొచ్చి కింద ఎర్రగా ఉంటే కాండిడా. నోట్లో వేసుకునే క్లోట్రిమజోల్ చుక్కలో, నిస్టాటినో డాక్టర్ రాస్తారు, పది పద్నాలుగు రోజుల్లో పోతుంది. ఫ్లూకోనజోల్ మాత్ర రాస్తే మాత్రం ఆయన వాడే షుగర్ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. పీల్చే ఇన్‌హేలర్ ఇచ్చి ఉంటే ప్రతిసారీ పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల తిరిగి తిరిగి పూత వచ్చినవాళ్లని ఎంతమందినో చూశాను.

ఇక తోమడం. రక్తం వస్తోందని బ్రష్ మానేసి వేలితో రుద్దుతున్నారని రాశారు. రక్తం వచ్చేది బ్రష్ వల్ల కాదు, అక్కడ పాచి ఉండటం వల్ల. మానేస్తే పెరుగుతుంది. బాగా మెత్తని బ్రష్ కొత్తది కొనండి, పాతది పారేయండి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమనండి, తల వెనక్కి వాలిస్తే నురగ గొంతులోకి జారుతుంది. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. పన్నూ చిగురూ కలిసే గీత మీద బ్రష్‌ని ఏటవాలుగా ఆనించి, అక్కడే చిన్నగా వణికించినట్టు కదిపి, పన్ను అంచు వైపు తిప్పేయండి. కదిలే పళ్ల వెనకాల ఇంకో చేతి వేలు ఆనించి పట్టుకుంటే నొప్పి ఉండదు. ఆయన చెయ్యి వణుకుతుంటే మీరే చేయండి. చిన్నప్పుడు ఆయన మీకు చేసిన పనే, మొహమాటపడకండి. పొద్దున, రాత్రి పడుకోబోయే ముందు. రెండిట్లో ఏదో ఒకటే కుదిరితే రాత్రిది వదలకండి, ఎందుకంటే నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, జారేది కూడా అప్పుడే. నాలుక కూడా వెనక నుంచి ముందుకి గీయండి. వేపపుల్లతో తోముకుని దాన్నే చీల్చి నాలుక గీసుకునే అలవాటు ఆయనకి ఉంటే ఆ గీసుకోవడం మంచిదే, పుల్ల మాత్రం చిగుళ్లు మానేదాకా వద్దు. రోజూ ఇలా చేస్తే వారం పది రోజుల్లో రక్తం బాగా తగ్గుతుంది. తగ్గకపోతే అడుగున గార ఉందన్నమాట.

బొగ్గు, ఉప్పు పొడి, గుడాకు, లవంగ నూనె, ఇవేవీ ఆ పచ్చి చిగుళ్ల మీద రుద్దకండి. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే చాలు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ రాస్తే రెండు వారాలు మించొద్దు. పళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, ఇప్పుడిప్పుడే వస్తున్న రుచి మళ్లీ మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పని చెయ్యదు, అరగంట ఆగాలి. వెంటిలేటర్ రోగులకి దాన్ని రోజూ పూయడం ఒకప్పుడు మాకు నియమంలా ఉండేది. 2022లో అమెరికా ఇన్‌ఫెక్షన్ నిపుణుల మార్గదర్శకాలు దాన్ని వద్దని, బ్రష్‌తో తోమడమే చెయ్యమని మార్చాయి.

ఎవరో నువ్వుల నూనె పుక్కిలించమని సలహా ఇచ్చారన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చేసుకుంటే నేను అడ్డు చెప్పను. కానీ గొట్టం తీసిన కొత్తలో, మింగే పట్టు రానివాళ్లు నోటి నిండా నూనె పట్టుకుని పది నిమిషాలు తిప్పడం ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే దగ్గు కూడా సరిగ్గా రాదు, అక్కడ చేరి వేరే రకం న్యుమోనియా తెస్తుంది. మీ నాన్నగారికి వద్దు.

పథ్యం పేరుతో మనిళ్లలో పెట్టేవి కూడా చూడండి. పాలల్లో ముంచిన బ్రెడ్డు, బిస్కెట్లు, హార్లిక్స్, గ్లూకోజ్ నీళ్లు, బత్తాయి రసం, తియ్యటి దగ్గు మందు. షుగర్ సంగతి అలా ఉంచినా, పళ్లకి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరిగి, మళ్లీ మామూలు కావడానికి అరగంట పైనే పడుతుంది, ఎండిన నోట్లో ఇంకా ఎక్కువ. గంటగంటకీ ఒక గుక్క గ్లూకోజ్ అంటే పళ్లు రోజంతా ఆమ్లంలో నానుతున్నట్టే. పిప్పి పళ్లు కొన్ని నెలల తర్వాత, పంటి మొదట్లో, చిగురు పక్కన బయటపడతాయి. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ, మెత్తటి అన్నంలో పప్పు, ఉడికించిన గుడ్డు పెట్టండి. దగ్గు మందు తాగాక ఒక గుక్క నీళ్లు. ప్రతి ముద్దా నిటారుగా కూర్చుని తినాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు. నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే, గొంతులో గరగర ఉంటే ఆసుపత్రిలో మింగే పరీక్ష చేయించండి.

ఇక డెంటల్ క్లినిక్‌కి. జ్వరం లేకుండా, ఆయాసం లేకుండా, మెట్లెక్కగలుగుతుంటే ఇప్పుడే వెళ్లొచ్చు. డిశ్చార్జ్ కాగితం, వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. రక్తం పల్చబడే మందు ఏదైనా ఉంటే మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడమని డెంటల్ డాక్టర్‌కే చెప్పండి. పొద్దున టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని, మొదటి అపాయింట్‌మెంట్‌కి వెళ్లండి. కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చొద్దని అడగండి, దగ్గు వచ్చే మనిషికి ఆ భంగిమలో నీళ్లు గొంతులోకి వెళ్తాయి.

అక్కడ చేసేది స్కేలింగ్, అంటే పళ్ల మీది గార తీసే క్లీనింగ్, ఆ తర్వాత చిగురు లోపల పంటి మూలాల మీద గార గీకడం. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన దగ్గర చాలామందికి భయం. గార ఒక్కోసారి పళ్లని సిమెంటులా అతికించి ఉంచుతుంది, తీశాక రెండు వారాలపాటు పళ్లు ఎక్కువ కదిలినట్టూ, చల్లనీళ్లకి జివ్వుమన్నట్టూ అనిపిస్తుంది. అది గార చేసిన నష్టం బయటపడటం. వాపు తీసేశాక చిగురు పన్నుని మళ్లీ పట్టుకుంటుంది. కదిలే రెండిటినీ పక్క పళ్లకి సన్నని తీగతో కట్టి ఉంచమని అడగండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ కొలుస్తారు. అప్పటికీ పన్ను నిలువునా కిందికీ పైకీ ఆడుతుంటేనే పీకడం గురించి ఆలోచించాలి. ఒక అనుభవం: ఐసీయూ నుంచి వచ్చిన ఒక టీచరమ్మకి ఆరు పళ్లు కదులుతుంటే పీకడానికి తేదీ కూడా ఇచ్చేశారు. రెండో అభిప్రాయానికి నా దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలకి ఒక్కటే పోయింది.

పళ్ల మీద గోధుమ చారలు కొత్తగా వచ్చాయేమో అని కూడా అడిగారు. ఆయన పుట్టి పెరిగింది నల్లగొండ జిల్లాలో బోరు నీళ్ల మీద అన్నారు కాబట్టి అవి చిన్నప్పటి ఫ్లోరైడ్ మచ్చలు అయ్యుంటాయి. ఇప్పుడు నోరు ఎండి మెరుపు తగ్గేసరికి మీ కంటికి పడ్డాయి. వాటికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు.

చివరగా కట్టుడు సెట్టు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కాగితంలో చుట్టి బీరువాలో పెట్టామన్నారు. అది ఎండి కొంచెం వంగి ఉండొచ్చు, ఆయన తొమ్మిది కిలోలు తగ్గారు కాబట్టి చిగుళ్ల ఆకారమూ మారి ఉంటుంది. దాని మీద కాండిడా కూడా ఉంటుంది, నోటికి మందు వేసి సెట్టుని అలాగే పెడితే పూత మళ్లీ వస్తుంది. సబ్బు నీళ్లతో, వేరే బ్రష్‌తో రుద్ది కడగండి, పేస్టు వాడితే గీతలు పడతాయి. రాత్రి తీసి నీళ్లలో ఉంచండి. జపాన్‌లో 85 ఏళ్లు దాటినవాళ్లని గమనిస్తే సెట్టు పెట్టుకుని నిద్రపోయేవాళ్లకి న్యుమోనియా ముప్పు రెట్టింపు పైగా కనిపించింది. కొత్త సెట్టుకి ఇప్పుడే కొలతలు ఇవ్వొద్దు. బరువు తిరిగి వచ్చి, చిగుళ్లు గట్టిపడ్డాక, కనీసం మూడు నెలలకి ఇవ్వండి. ఈలోపు పాత సెట్టు లోపల మెత్తటి పూత వేసి సరిచేయమని అడిగితే క్లినిక్‌లోనే వేస్తారు, ఒక్క పూట పని. తినేటప్పుడు పెట్టుకుంటే చాలు. హెచ్‌బీఏ1సీ వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.